కుస్కో మేడగదిలో ఒక కూత

నేను ఒక పిరికి కుక్కర్‌ని. పట్టుమని రెండు లీటర్లు కూడా పట్టనిదాన్ని. అయినా మా జాతిలో ధైర్యవంతులు ఎవరున్నారు లెండి! మూతి బిగించుకుని, కడుపులో ఆవిరి అదిమిపట్టుకుని, కింద మంట పెట్టించుకుని కూర్చునేవాళ్లకి ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? నేను తయారైన ఫ్యాక్టరీలో అల్యూమినియం రేకును నొక్కి, గిన్నెగా సాగదీసి, పిడి బిగించి, చివర్లో ఒత్తిడి పెట్టి పరీక్షించారు. నా పక్కన ఉన్నది ఆ పరీక్షకి తట్టుకోలేక అంచు దగ్గర బుస్సుమని చీలిపోయింది. దాన్ని తీసి తుక్కులో పడేశారు. ఆ చప్పుడు చెవిలో పడ్డాక నేను ఏనాడూ స్థిమితంగా ఉడికింది లేదు.

భీమవరంలో సామాన్ల కొట్టు నుంచి నన్ను ఇంటికి తీసుకెళ్లినావిడ సుభాషిణిగారు. కొన్నేళ్లు ఆవిడకి పప్పు ఉడికించిపెట్టాను. పెద్ద కుక్కర్ వచ్చాక నన్ను చెల్లెలి కూతురు ఉత్పలకి ఇచ్చేశారు. ఉత్పల అప్పుడే విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చి లేడీస్ హాస్టల్లో చేరింది. అక్కడ గదుల్లో వంట నిషేధం. ఆ నిషేధాన్ని ఉత్పల ఎలా దాటేసిందో చెబితే మీరు నవ్వుతారు. విజిల్ వేసే ముందు నా నెత్తిమీద వెయిట్ సన్నగా వణుకుతుంది. సరిగ్గా ఆ క్షణాన గరిటె కాడతో దాన్ని కొంచెం పైకెత్తి ఆవిరిని మెల్లగా వదిలేసేది. వాసన బయటికి పోకుండా తలుపు కింద సందులో తువ్వాలు దోపేది. ఏళ్ల తరబడి నా నోరు నొక్కి అన్నం వండుకుని తిన్న మనిషి ఆమె. నాకూ అదే హాయిగా ఉండేది. కూత వేయాలంటే నాకే గుండె దడ.

తర్వాత ఆమె ఫణీంద్రని పెళ్లి చేసుకుంది. అతను కాలేజీలో ఫిజిక్స్ చెప్పే లెక్చరరు. వీపున సంచులు తగిలించుకుని దేశాలు తిరగడం ఇద్దరికీ పిచ్చి. బరువు తగ్గించాలని స్వెట్టర్లు ఇంట్లో వదిలేస్తారు, చెప్పులు వదిలేస్తారు, నన్ను మాత్రం వదలరు. నా కడుపులో సోనా మసూరి బియ్యం, కందిపొడి, ఇంగువ డబ్బా కుక్కి సంచి అడుగున పడేస్తారు. ఏ విమానాశ్రయంలోనైనా స్కానర్ తెరమీద నా ఆకారం కనపడగానే యూనిఫారాలు మూగుతాయి. పెరూ రాజధాని లీమాలో ఒకాయన నా మూత తీస్తూ మొహం పక్కకి తిప్పేసుకున్నాడు. ఆయన్ని చూసి నేనూ బెదిరాను.

అక్కడి నుంచి కుస్కో చేరాం. ఆండీస్ కొండల మీద, మబ్బులకి దగ్గరగా ఉన్న పాత నగరం అది. సూది కూడా దూరనంత బిగువుగా పేర్చిన ప్రాచీన రాతి గోడలు, వాటిమీద తర్వాతివాళ్లు కట్టుకున్న మట్టి మేడలు, చెక్క వరండాలు. మా బస ఒక నిటారు సందులో ఉంది. ఇంటావిడ పేరు నెలిదా. రాగానే ఏవో ఆకులు వేసిన వేడినీళ్లు ఇచ్చింది. మెల్లగా నడవండి అని చేతులతో అభినయించి చూపింది. పాత చెక్క ఇల్లు కాబట్టి గదుల్లో పొయ్యి వెలిగించొద్దని కూడా చూపింది. మావాళ్లు రెండింటికీ బుద్ధిగా తలలూపారు. ఆ సాయంత్రమే ఊరిపైనున్న రాతికోట ఎక్కి దిగారు. వస్తూ వస్తూ బజార్లో చిన్న కరెంటు పొయ్యి కొనుక్కొచ్చారు.

"ఇంత ఎత్తులో గాలి పలచన ఉత్పలా. నీళ్లు తొందరగా మరిగిపోతాయి, అన్నం మాత్రం ఉడకదు. అందుకే కుక్కర్ ఉండాలి," అని ఫణీంద్ర పాఠం మొదలుపెట్టాడు. నా గురించి అంత గొప్పగా ఎవరూ మాట్లాడలేదు, పొంగిపోయాను. ఆ పలచని గాలినే తన భార్య కూడా పీలుస్తోందన్న సంగతి మాత్రం ఆ పాఠంలో లేదు.

మర్నాటికి ఉత్పలకి దగ్గు పట్టుకుంది. జలుబే అన్నారు ఇద్దరూ. మనవాళ్లు జలుబుకి చేసేదేమిటి? ఫణీంద్ర నాలో నీళ్లు మరిగించి, పసుపు వేసి, దుప్పటి కప్పి ఆవిరి పట్టించాడు. దుప్పటి కింద ఆమె మొహం నాకు బెత్తెడు దూరంలో ఉంది. ఊపిరి లోపలికి వెళ్లేటప్పుడు గరగరమని చప్పుడు. కడుపులో నీళ్లు మరగడమంటే ఏమిటో నాకు తెలుసు. ఆ చప్పుడు నీళ్లదే. నాకు భయం పట్టుకుంది. ఇంతకు ముందు నేను పడ్డవన్నీ నా గురించి పడ్డ భయాలు. ఇది అలాంటిది కాదు.

ఆ పైరోజు మధ్యాహ్నానికి ఆమె మంచం మీంచి లేవలేకపోయింది. పడుకుంటే ఊపిరి అందక గోడకి ఆనుకుని కూర్చుంది.

"కింద ఆవిణ్ణి పిలుస్తానే. నాకేదో భయంగా ఉంది," అన్నాడు ఫణీంద్ర.

"ఎవర్నీ పిలవకు బాబూ. ఈ పొయ్యి చూసిందంటే మూటాముల్లే బయట పడేస్తది. ఈ చలిలో ఎక్కడికి పోతాం?" ఒక్కో మాటకీ ఆగి ఆయాసపడింది. "కాస్త జావ కాచి పెట్టు. తగ్గుద్దిలే."

అతను వినేశాడు. అదీ విడ్డూరం. గదిలో ఇంగువ వాసన ఉందని, తలుపు కింద తువ్వాలు ఉందని, ఊపిరాడని మనిషిని పొయ్యితో పాటు దాచిపెట్టుకుని కూర్చున్నారు. మనుషులకి ప్రాణభయం కన్నా మర్యాద పోతుందన్న భయం పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది.

నాలో గుప్పెడు బియ్యం పోసి పొయ్యి మీద పెట్టాడు. వెయిట్ పైకెత్తే విద్య అతనికి చేతకాదు. చప్పుడు వినపడకుండా నా నెత్తిన మడతపెట్టిన తువ్వాలు కప్పాడు. అయ్యా, కుక్కర్ నెత్తిన తువ్వాలు కప్పుతారా ఎవరైనా! ఆవిరి పెరుగుతోంది. తువ్వాలు తడిసి బరువెక్కుతోంది. ఫ్యాక్టరీలో చీలిపోయిన నా తోటిది కళ్లముందు మెదిలింది. అప్పుడే ఉత్పల దగ్గింది. చేతిరుమాలు మీద గులాబీరంగు నురగ. ఫణీంద్ర గరిటె పారేసి ఆమె దగ్గరికి పరుగెత్తాడు. ఆమె పెదవులు నేరేడుపళ్లు తిన్నట్టు నల్లబడ్డాయి. "ఉత్పలా, ఇటు చూడవే," అంటున్నాడు. ఆమె చూడటం లేదు.

తువ్వాలు జారింది. నేను కూత వేశాను. ఏళ్ల తరబడి నొక్కిపెట్టిందంతా ఒక్కసారి బయటికొచ్చినట్టు, ఆ పాత మేడ చెక్కలు అదిరేలా, ఆగకుండా కూశాను. అది విజిల్ కాదు, భయంతో పెట్టిన కేక.

ఏదో పేలబోతోందనుకున్నారు జనం. వరండాలో తలుపులు దడదడా తెరుచుకున్నాయి. నెలిదా బకెట్టు నీళ్లతో వచ్చి, మా తలుపు తోసుకుని, తిట్టడానికి నోరు తెరిచింది. మంచం వైపు చూసింది. బకెట్టు చేతిలోంచి జారిపోయింది. మరుక్షణం, ఎత్తు పడని అతిథుల కోసం కింద ఉంచే ఆక్సిజన్ సిలిండర్ పైకి వచ్చింది, కాసేపట్లో ఎవరో డాక్టర్ని పిలుచుకొచ్చారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, ఈ ఎత్తు మీద ఒక్క గంట కూడా ఉంచకూడదు, దిగువ ఊరి ఆసుపత్రికి తీసుకుపోవాలి అని ఇంగ్లీషులో చెప్పాడాయన. ఉత్పలని దుప్పట్లో చుట్టి మోసుకెళ్లారు. ఆమె చెయ్యి దుప్పటి బయట వేలాడుతోంది. ఎవరో పొయ్యి ప్లగ్గు పీకారు. కారు చప్పుడు సందు దిగి వినపడకుండా పోయింది.

నెలిదా నన్ను చీపురుకట్టతో రెండుసార్లు పొడిచి చూసి, చేతులు బారచాచి దూరంగా పట్టుకుని వంటగదిలో ఒక మూల పెట్టింది. మాడిన బియ్యం అడుగున అంటుకుని ఉన్నాయి. నా వైపు రావాల్సి వచ్చినప్పుడల్లా ఆవిడ పక్కకి తప్పుకునేది. నాకూ ఆవిడంటే అంతే బెదురు. ఇద్దరం ఎవరి మూలన వాళ్లం టెలిఫోను వైపు చూస్తూ ఉండేవాళ్లం. అది మోగలేదు. మాడు గట్టిపడింది. తెల్లారినప్పుడల్లా ఉత్పల ఉందా అని అడగాలనిపించేది. అడగడానికి నాకు నోరెక్కడిది?

ఒక పొద్దున ఫణీంద్ర వచ్చాడు. ఒక్కడే వచ్చాడు.

గడ్డం మాసిపోయింది. మేడగదిలోంచి సంచులు రెండూ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాడు. నన్ను చూసి, తీసి, తొట్టి దగ్గర నిలబడి తోమడం మొదలుపెట్టాడు. తోముతూ ముక్కు ఎగబీలుస్తున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అయిపోయింది అనుకున్నాను. నాలో ఎవరికి వండుతారిక? నెలిదా కూడా అలాగే అనుకున్నట్టుంది, మెడలో ఉన్న శిలువ పట్టుకుని పెదవులు కదిపింది.

అతను వెనక్కి తిరిగాడు. దారి పొడవునా వల్లెవేసుకుంటూ వచ్చినట్టున్నాడు, వాళ్ల భాషలో ఒక్కో మాటా పట్టి పట్టి చెప్పాడు. "మీ ఎస్పోసా... తియెనే ఆంబ్రే." అంటే, నా భార్యకి ఆకలేస్తోందని.

నెలిదా కెవ్వున అరిచి అతన్ని కౌగిలించుకుంది. తన పొయ్యే వెలిగించి, నన్ను చూపించి, కానీ కానీ అని చేతులూపింది. ఫణీంద్ర బియ్యం కడగడానికి కూర్చున్నాడు. కన్నీళ్లకి కన్ను ఆనడం లేదు, సగం బియ్యం నీళ్లతో పాటు తొట్టిలోకే పోయాయి. మిగిలినవాటితో జావ కాచాను. తువ్వాల్లో చుట్టి నన్ను ఒళ్లో పెట్టుకుని అతను కారెక్కాడు. కొండ దిగి ఆమె మంచం చేరేదాకా నేను వేడి వదల్లేదు.