ఇరవై ఏడో నంబరు

లాప్‌టాప్ కోసం ఎక్కిన షాపుల్లో ఆ రోజు అది మూడోది. మొదటి రెండింట్లో ఆమె నోరు విప్పలేదు. అడగాల్సినవన్నీ చెల్లెలే అడిగింది, పెదవి విరవాల్సిన చోట చెల్లెలే విరిచింది. చదవబోయేది అక్క, కాళ్ళరిగేలా తిరుగుతున్నది తను అని చెల్లెలికి లోపల మండుతూనే ఉంది. కానీ పైకి అనలేదు. ఆ ఇంట్లో ఆమెతో గట్టిగా మాట్లాడటం అందరూ మానేసి నాలుగు నెలలైంది.

నాలుగు నెలల క్రితం ఒకరోజు పొద్దున, ఆమె పదకొండేళ్ళుగా పనిచేస్తున్న బీమా ఆఫీసులో క్లెయిముల విభాగాన్ని మూసేశారు. ముప్పై నాలుగు మందిని ఒక గదిలో నిలబెట్టి, ఎవరో కొత్తాయన కాగితం చూసి చదివాడు. మధ్యాహ్నానికల్లా లాప్‌టాప్‌లు, మెడలోని కార్డులు తీసేసుకున్నారు. కొందరు ఏడ్చారు, కొందరు తిట్టారు. ఆమె ఛార్జరు తీగను శ్రద్ధగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, అప్పజెప్పి ఇంటికి వచ్చింది. అప్పట్నుంచి అలాగే ఉంది. దుఃఖం అనడానికి లేదు, కోపం అనడానికీ లేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే చెంప ఎలా ఉంటుందో అలా. ఉంది, కానీ తనది కాదు.

చూసి చూసి చెల్లెలే స్టాటిస్టిక్స్ పీజీకి దరఖాస్తు నింపి సంతకం పెట్టమంది. పెట్టింది. పరీక్ష రాయమంటే రాసింది. సీటు వచ్చింది. ముప్పై ఆరేళ్ళకి మళ్ళీ స్టూడెంటువయ్యావని అంతా మెచ్చుకుంటే "ఊఁ" అంది.

మూడో షాపు చెప్పుల దుకాణం పైన, ఇరుకు మెట్లెక్కితే వస్తుంది. కొత్తవీ, ఆఫీసుల్లో వాడి తీసేసినవీ రెండూ అక్కడ అమ్ముతారు. మెకానిక్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, యూనివర్సిటీ పంపిన కాగితాన్ని ఒకసారి చదివి, రెండు లాప్‌టాప్‌లు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"రెండూ కంపెనీల వాళ్ళు వాడే రకాలే. ఇది కొత్తది, పేపరంత తేలిక. ఇది మూడేళ్ళు వాడింది. బరువే, కానీ గట్టి పిండం."

"కొత్తదే ఇవ్వండి. కోరి కోరి పాతది కొనుక్కోవడం ఏంటి?" అంది చెల్లెలు.

"కొత్తొక వింత, పాతొక రోత అంటారు గానీ, ఈ సరుకులో ఆ సామెత నమ్మకండమ్మా. కొత్తదాంట్లో మెమరీ ఎనిమిది జీబీనే. బోర్డుకే అతికించేశారు, తర్వాత పెంచడానికి లేదు. మీ కాగితంలో పదహారు అడిగారు. పాతదాంట్లో పదహారు ఉంది, కావాలంటే ఇంకో పదహారు వేస్తా. బ్యాటరీ నేనే మార్చా. కీబోర్డు మీద చెయ్యి వేసి చూడండి, మీకే తెలుస్తుంది."

ఆమె ముందు కొత్తదాని మీద రెండు లైన్లు కొట్టింది. అట్టముక్క మీద కొట్టినట్టుంది. పాతదాని మీద కొట్టింది. వేళ్ళు వాటంతటవే పరిగెత్తాయి. ఛార్జరు ఎక్కడ పెడతారో చూద్దామని దాన్ని పైకెత్తితే, అడుగున తెల్ల చీటీ కనిపించింది. నీలి సిరాతో 27 అని రాసి ఉంది. ఏడుకి నడుము మీద అడ్డగీత. అది తన రాతే. చేతిరాత బాగుంటుందని ఆఫీసులో మెషీన్లన్నిటికీ నంబర్లు రాసి అంటించే పని ఆమెకే ఇచ్చేవాళ్ళు.

చురుక్కుమన్నట్టు చెయ్యి వెనక్కి వచ్చింది. చెల్లెలు చూసింది.

"ఏమైందక్కా?"

"ఇది మా ఆఫీసుది."

మెకానిక్ కళ్ళద్దాలు కిందికి దించుకున్నాడు. "దొంగ సరుకు కాదమ్మా. వేలంలో కొన్నాను, కాగితాలు ఉన్నాయి. ముప్పై దాకా వచ్చాయి, ఇదొక్కటే మిగిలింది."

"నేనేం అనడం లేదు," అంది ఆమె.

ఇరవై ఏడు అంటే పక్క సీటు పెద్దావిడ. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చిన మనిషి కాదు కాబట్టి అందరూ ఆవిడను గడియారం అనేవాళ్ళు, ఎదురుగా మాత్రం మేడం అనేవాళ్ళు. ఆమె ఎందుకో ఫోన్ తీసింది. ఈ నాలుగు నెలల్లో తనంతట తాను ఎవరికైనా ఫోన్ చేయడం అదే మొదలు.

"మేడం, నేను."

"బతికే ఉన్నావా తల్లీ? ఎన్నిసార్లు చేశాను, ఒక్కసారి ఎత్తలేదు."

"మీ లాప్‌టాప్ ఇక్కడ షాపులో ఉంది. నాకు పీజీ సీటు వచ్చింది. కొనాలా వద్దా అని చూస్తున్నా."

"మూత ఎడమ మూల చిట్లిందా?"

"చిట్లింది."

"మెట్ల మీద పడేశాను. ఎవరికీ చెప్పలేదు. ఎంటర్ మాత్రం కాస్త గట్టిగా నొక్కాలి, మిగతాదంతా బంగారం. తీసుకో." తర్వాత అదే గొంతుతో, క్లెయిము వివరాలు చదివినట్టు చెప్పింది. "నేను ఇప్పటికీ పొద్దున్నే తయారవుతున్నా. ఎనిమిదింటికి చెప్పులు వేసుకుని హాల్లో కూర్చుంటా. ఐదున్నరకి విప్పుతా. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని, చూడనట్టే ఉంటారు."

అయ్యో అనాలని ఆమెకు తెలుసు.

"రేపు ఎనిమిదింటికి మీ ఇంటికి వస్తా," అంది. "ఇందులో సాఫ్ట్‌వేర్లు ఎక్కించాలి. నాకు రాదు."

అది అబద్ధం. సగం ఆఫీసుకి ఆమే ఎక్కించేది. ఆ సంగతి ఆవిడకూ తెలుసు.

"ఎనిమిదంటే ఎనిమిదే," అని గడియారం ఫోన్ పెట్టేసింది.

చెల్లెలు ఆమె మోచెయ్యి పట్టుకుని గోడవారకు తీసుకెళ్ళింది. "అక్కా, దాన్ని తెరిచినప్పుడల్లా ఆ ఆఫీసే గుర్తొస్తుంది నీకు. మానుతున్న పుండుని గోక్కోవడం దేనికి? కొత్తది తీసుకో. చదువు ఏదోలా నడిచిపోతుంది."

"నడవదు. పెద్ద ఫైలు పెడితే ఆగిపోతుంది. ఎనిమిది చాలదు." ఆమె తిరిగి బల్ల దగ్గరికి వచ్చింది. "పాతది ఇవ్వండి. ఆ చీటీ తీసేయండి."

మెకానిక్ దూదికి స్పిరిట్ అద్ది రుద్దాడు. రెండు నిమిషాల్లో నంబరు పోయింది.

మర్నాడు బస్సు ఆలస్యమై ఆమె ఎనిమిదీ ఏడుకి చేరింది. తలుపు తీసి ఉంది. ఆవిడ గోడగడియారం వైపు ఒక చూపు చూసి, భోజనాల బల్ల మీది గ్లాసులు పక్కకు జరిపింది. సాఫ్ట్‌వేర్లు ఎక్కుతున్నంతసేపూ ఆవిడ సిలబస్ కాగితం తిరగేస్తూ కూర్చుంది.

"సంభావ్యత అంటే ఏంటి, మన ఆఫీసులో ప్రీమియం లెక్కకట్టేటప్పుడు చూసేదేనా?"

"అదే. వంద బళ్ళకి ఏడాదిలో ఎన్ని గుద్దుకుంటాయో చూసేవాళ్ళం కదా," అని మొదలుపెట్టి ఆమె అరగంట మాట్లాడింది. మధ్యలో కాగితం మీద గీతలు కూడా గీసింది. ఆవిడ భర్త పేపరు మడిచి వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

బయటికి వచ్చాక ఆమెకు సంతోషం అనిపించిందా అంటే, లేదు. చాన్నాళ్ళకి అంతసేపు మాట్లాడినందుకు గొంతు మాత్రం కొంచెం నొప్పి పెట్టింది.

క్లాసులు మొదలయ్యాయి. శనివారాలు ఆమె గడియారం వాళ్ళింటికి వెళ్ళి, అక్కడే కూర్చుని లెక్కలు చేసుకునేది. రెండో నెలలో ఆవిడ ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో చేరింది. శనివారాలు ఆదివారాలకు మారాయి. ఆమె మాత్రం చాలావరకు అలాగే ఉంది. క్లాసులో పిల్లలు జోకులేస్తే అందరూ నవ్వాక నవ్వేది.

మొదటి టర్ము మార్కులు వచ్చినప్పుడు, ఐదో ప్రశ్నలో ఆరు మార్కులు ఊరికే కొట్టేసి ఉన్నాయి. ఆమె పేపరు పట్టుకుని మూడో అంతస్తులో ప్రొఫెసరు గదికి వెళ్ళింది. ఆయన జవాబు తప్పన్నాడు. కాదంది. పుస్తకం తెరిచాడు. ఆమె లాప్‌టాప్ తెరిచి లెక్క మొత్తం మొదట్నుంచి చేసి చూపించింది. పావుగంట వాదన అయ్యాక ఆయన ఎర్ర పెన్ను తీసి మార్కులు దిద్దాడు.

మెట్లు దిగుతుంటే ఆమె చేతులు వణికాయి. చెవులు వేడెక్కాయి. ఉద్యోగం పోయిన రోజు కూడా రానిది, ఆ ఆరు మార్కుల మీద ఇంత కోపం తనలో ఎక్కడ ఉందో ఆమెకే తెలియలేదు. రెండో అంతస్తు మలుపులో కమ్మీ పట్టుకుని ఆగింది. పైకి వెళ్ళేవాళ్ళు, కిందికి దిగేవాళ్ళు పక్కనుంచి పోతున్నారు. వణుకు తగ్గేదాకా ఆమె అక్కడే నిలబడింది, తగ్గకపోతే బాగుండు అనుకుంటూ.