తాతమ్మ చెవి పరీక్ష

అసలు నొక్కకూడదు కదా, శబ్దమే పంపలేదు నేను, పెన్ను కిందపడితే వంగి తీసుకుని తలెత్తానంతే, అద్దం అవతల గదిలో తాతమ్మ, వినపడితే నొక్కమని ఇచ్చిన బటన్ ఠక్కున నొక్కేసి, ఎలా ఉంది నా తెలివి అన్నట్టు నవ్వుతోంది, పెద్ద హెడ్‌ఫోన్ల మధ్య ఆ చిన్న మొహం అచ్చం బడిపిల్ల మొహంలా ఉంది, పోనీ పొరపాటేమో అని ఈసారి నిజంగానే శబ్దం పంపాను, నొక్కింది, ఇంకాస్త సన్నగా పంపాను, నొక్కింది, తొంభై దాటిన మనిషికి ఇవేం చెవులు, అమ్మేమో పిలిచినా పలకడం లేదు ఓసారి చూడవే అని బలవంతంగా పంపింది, అప్పుడు గుర్తొచ్చింది, పరీక్షకి వచ్చినవాళ్ళకి మీ మొహం కనపడనివ్వకండి అని ఈ పనిలో మొదటిరోజే చెప్తారు, సొంత తాతమ్మ కదా, గోడకేసి కూర్చోబెడితే బిక్కుబిక్కుమంటుందని కుర్చీ నావైపు తిప్పింది నేనే, శబ్దం పంపేముందు కనుబొమ్మలు ఎగరేస్తాను కాబోలు, ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు, సరే చూద్దామని వెళ్ళి ఆమె కుర్చీ గోడవైపు తిప్పి వచ్చి పంపాను, పెంచాను, ఈ యంత్రం ఇంక నావల్ల కాదనేదాకా పెంచాను, తాతమ్మ తీరిగ్గా గోడ చూస్తూ ఒళ్ళో చేతిసంచి పట్టీ సర్దుకుంటోంది.

మరి ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఈమెని అడక్కుండా ఎవరూ ఏ పనీ మొదలుపెట్టలేదు కదా, అందరం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు మా గోడు ఊదేసి, వచ్చిన జవాబు నెత్తిన పెట్టుకుని వెళ్ళామా, పెదనాన్న ఉన్న ఉద్యోగం మానేసి బేకరీ పెడతానంటే ఏమంది, ముందు నిద్రపోరా అంది, ఆయన పెద్ద తత్వం విన్నట్టు తలూపి నిజంగానే పోయి పడుకున్నాడు, లేచాక బేకరీ ఊసెత్తలేదు, తాతమ్మ మాటకి తిరుగులేదని ఇప్పటికీ చెప్తాడు, దర్జీ అత్తయ్య తన ఇద్దరు కూతుళ్ళ తగువు మోసుకొస్తే, చిన్నదానికి ఆకలేస్తోంది చూడు అంది, రొట్టెముక్క చేతిలో పడగానే తగువు తీరిపోయింది, ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది, నా సంగతేమిటి.

ఆ రోజు వంటింట్లో కుళాయి హోరున పారుతోంది, తాతమ్మ వీపు నావైపు పెట్టి గిన్నెలు కడుగుతోంది, ఎదురుగా అడిగే ధైర్యం లేక ఆ వీపుకే చెప్పాను, తాతమ్మా, మా ఆయన దగ్గర్నుంచి వచ్చేద్దామనుకుంటున్నాను, కొట్టడు, తిట్టడు, చెప్పుకోవడానికి ఏమీ లేదు, అయినా వచ్చేయనా అని, ఆమె కుళాయి కట్టేసి, వెనక్కి తిరిగి, నన్ను చూసి, ఇంక చాలు, ఉండిపోవే అంది, ఆ ఒక్క మాట పట్టుకుని పెట్టె తెచ్చేసుకున్నాను, ఆ మాట మీద నిలబడే మూడేళ్ళు బతికాను, అంటే ఆమెకి నా ప్రశ్న చేరనే లేదన్నమాట, పొద్దుపోయిందని ఈ పూటకి ఉండిపొమ్మందేమో, ఎవరికి తెలుసు, ఇప్పుడేమో ఆయన మారానంటున్నాడు, ఆదివారం వచ్చి తీసుకెళ్తాను సరేనా అని పొద్దున పెట్టిన మెసేజ్ జవాబు లేకుండా నా జేబులో ఉంది, అమ్మ వెళ్ళమంటోంది, ఆయన పేరు ఫోనులో కనపడితే నాకు గుండె దడదడలాడుతోంది, అంత దడ వస్తోందంటే ఇంకా ఇష్టం చావలేదనే కదా, వెళ్ళకుండా నన్ను పట్టి ఆపుతున్నది తాతమ్మ మాట ఒక్కటే, ఇప్పుడు అదీ లేదు.

లోపలికెళ్ళి హెడ్‌ఫోన్లు తీసి, నా చెవి చూపించి, నీకు వినపడట్లేదు కదా అన్నాను, దొరికిపోయిన దొంగలా నవ్వింది, వినపడక చాలా ఏళ్ళయిందిలే, మీరు నోటితో చెప్పేదొకటి, మొహంతో చెప్పేదొకటి, రెండూ వింటుంటే పిచ్చెక్కేది, ఇప్పుడు ఒకటి తగ్గింది అంది, మరి ఎవరికీ చెప్పలేదేం అన్నాను, చెప్తే మీరంతా అరిచి మాట్లాడతారు కదే, అరిచేవాళ్ళ మొహాలు చూడలేను అంది, నాకూ నవ్వొచ్చింది, కానీ ఏం కనపడుతుంది ఈమెకి, నా మొహంలో నాకు తెలియనిది ఏముంటుంది, పెదాలు కూడా చూడనివ్వకూడదని పరీక్ష కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని, ఆయన రమ్మంటున్నాడు తాతమ్మా, వెళ్ళనా అన్నాను, కాగితం తియ్యవే, నువ్వు కనపడట్లేదు అంది, తీశాను, ఆమె చూసింది, కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ చూసింది, మొహంలో నవ్వు పోయింది, నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఎందుకే అంత భయం, నిన్నెవరు పంపిస్తున్నారిప్పుడు అంది.

భయమా, ఆ మాట నేను అనలేదే, అమ్మతో అనలేదు, నాతో నేనే ఎప్పుడూ అనుకోలేదు, కానీ సాయంత్రం ఆయన తాళంచెవి తలుపులో తిరిగిన చప్పుడు వినగానే చేతిలో పని వదిలేసి ఇల్లంతా ఒకసారి కలయజూసుకునేదాన్ని, ఈ రోజు ఏం తప్పు చేశానా అని, ఏ తప్పూ లేకపోయినా, రోజూ, అప్పుడు గుండె ఇలాగే కదా కొట్టుకునేది, సరిగ్గా ఇదే దడ, దీనికా నేను ఇష్టమని పేరు పెట్టి వెనక్కి వెళ్ళబోయాను, ఆ రోజు కుళాయి కట్టేసి తిరిగినప్పుడు తాతమ్మ చూసింది దీన్నే, ఈ పూట సంగతి కాదు ఆమె చెప్పింది, ఉండిపొమ్మనే చెప్పింది, నేను వెళ్ళను, నాకు ఆయనంటే భయం.