వెనక గేటు మనిషి

పనిచేసే మనిషిని పనిలేని మనిషిగా మార్చడానికి ఎంతసేపు పడుతుంది? జగదీశ్వరరావు గారి జీడిపిక్కల ఫ్యాక్టరీలో అయితే ఒక్క ఈల చాలు.

పలాస రోడ్డు మలుపులో లేబరు ఆఫీసు జీపు కనపడగానే మేస్త్రి పోలారావు రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసేవాడు. అంతే, షెడ్డులో కూర్చుని పిక్కలు కొడుతున్న ఆడవాళ్ళందరూ కొయ్య సుత్తులు ఉన్నచోటే పడేసి, కొంగులు దోపుకుని, వెనక గేటులోంచి జీడితోటలోకి పరుగెత్తాలి. జీపు పోయేదాకా చెట్ల కింద నోళ్ళు మూసుకుని కూర్చోవాలి. షెడ్డులో మిగిలేది నలుగురైదుగురే. రిజిస్టరులో ఉండేవీ ఆ నలుగురైదుగురి పేర్లే. మిగతావాళ్ళు లేరు. దేవుడు పుట్టించాడు గానీ జగదీశ్వరరావు పుట్టించలేదు.

ముందు గేటు లారీలకీ, ఆయన కారుకీ. ఆడవాళ్ళు రావడం వెనక గేటు నుంచి, పోవడం వెనక గేటు నుంచి. సాయంత్రం పోయేటప్పుడు పోలారావు పెళ్ళాం గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరి కొంగూ దులిపించి, కుచ్చిళ్ళు తడిమి, చివరికి నోరు కూడా తెరిపించి చూసేది. ఒక్క జీడిపప్పు బద్ద పళ్ళ సందున ఇరుక్కుని కనిపిస్తే ఆ రోజు కూలికి నీళ్ళు వదులుకోవాల్సిందే. లేని మనుషులకి ఇంత సోదా ఎందుకో ఎవరూ అడగలేదు.

వరమ్మ ఆ గేటులోకి మొదటిసారి వచ్చింది పెళ్ళైన ఏడాది. ఇప్పుడు అరవై దాటాయి. పిల్లలు లేరు. మొగుడు కృపాదానం కిడ్నీలు పాడై మంచం పట్టి, ఉన్న మేకల్ని కూడా ఆసుపత్రులకి ధారపోసి, పోయాడు. ఆమె చేతుల సంగతి చెప్పాలంటే, జీడిసొన తగిలి తగిలి అరిచేతులు మాడిన అట్ల పెనంలా నల్లబడ్డాయి. ఎంత బూడిద రాసుకున్నా చర్మం పొరలు పొరలుగా ఊడేది. ఈమధ్య కుడిచేతి వేళ్ళు రెండు ముడుచుకోవడం మానేశాయి. ఫ్యాక్టరీలో కొట్టిన పప్పు తూకాన్ని బట్టే కూలి. వేళ్ళు వంగకపోతే తూకం రాదు, తూకం రాకపోతే గంజి లేదు. అందుకే ఆమె కళ్ళు పింఛను మీద పడ్డాయి.

ఆ రోజుల్లో పింఛను అంటే డెబ్బై అయిదు రూపాయలు. అదైనా ఊరికి ఇన్ని అని ఉండేవి. ఒకరు పోతేనే ఇంకొకరికి. ఎండాకాలంలో నూకయ్య తాత పోయినప్పుడు వరమ్మ నిజంగానే ఏడ్చింది, మంచివాడు. ఏడుస్తూ ఏడుస్తూనే, ఒక పింఛను ఖాళీ అయిందన్న మాట బుర్రలోకి వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయింది. ఆ ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని తన్ను తానే తిట్టుకుంది. ఒక ముసలాడి చావు కోసం ఇంకో ముసల్ది కాచుకునేలా చేసినవాడెవడో వాణ్ణి తిట్టాలి గానీ, ఆమె తననే తిట్టుకుంది. పేదవాళ్ళకి వచ్చిన రోగమే అది.

*

గ్రామసభ పెట్టింది తుపాను వచ్చిన మరుసటి ఏడు. బడి మీద రేకులు సగం ఇంకా లేవు, అందుకని బడి ముందు షామియానా వేశారు. మధ్య కుర్చీలో మండలం నుంచి వచ్చిన ఆఫీసరు. పక్క కుర్చీలో జగదీశ్వరరావు. ఆయనకి ఏ పదవీ లేదు. ఉండనక్కర్లేదు కూడా, ఊళ్ళో ఎక్కడ కుర్చీలు వేసినా ఒకటి ఆయనకి వెయ్యాల్సిందే. బల్ల మీద పళ్ళేల నిండా నేతిలో వేయించి ఉప్పూ మిరియాలపొడీ చల్లిన జీడిపప్పు. అది కూడా ఆయన ఇంటి నుంచి వచ్చిందే.

ఖాళీగా ఉన్న ఆ ఒక్క పింఛనుకీ ఇద్దరు అడిగారు. ఒకరు వరమ్మ, ఇంకొకరు మేస్త్రి పోలారావు తల్లి. కొబ్బరి చెట్లు, పాడి గేదె, సంపాదించే కొడుకు ఉన్న తల్లి.

ఆఫీసరు వరమ్మని పిలిచి, "ఏం పని చేస్తుంటావమ్మా?" అని అడిగాడు.

ఆమె నోరు తెరిచేలోగా జగదీశ్వరరావు అందుకున్నాడు. "మన ఫ్యాక్టరీలోనే చేస్తందండీ. ఎప్పటి మనిషో. ఇలాంటోళ్ళు ఎంతమందికో మనమే అన్నం పెడతన్నాం. మరి పింఛను ఏ ఆధారమూ లేనోళ్ళకి కదండీ ఇవ్వాల. ఆ పోలారావు తల్లి చూడండి, పాపం."

ఆఫీసరు తలాడిస్తూ కలం తీశాడు.

వరమ్మ అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, అమ్మైనా నయం, కనీసం కన్నది. ఈయన ఏం కన్నాడు? లేబరు జీపు వస్తే ఆమె లేదు. పింఛను వస్తే ఆమె ఉంది. ఆయనకి ఎప్పుడెలా కావాలంటే అప్పుడలా ఉండటానికీ లేకపోవడానికీ ఆమె మనిషా, గోడకి బిగించిన బల్బా?

"బావూ, ఇంకోపాలి సెప్పండి," అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "నాను మీ కాడ పని సేత్తన్నానా?"

"సేస్తన్నావు గదేటే. లేదని ఎవడన్నాడు?"

"మీరే అన్నారు. లేబరు జీపు ఒచ్చినప్పుడల్లా అంతన్నారు. ఈల ఏయించి మమ్మల్ని గొడ్లని తోలినట్టు తోటలోకి తోలేత్తారేటి మరి? పనోల్లమైతే అప్పుడూ పనోల్లమే. కాకపోతే ఇప్పుడూ కాదు. ఒక్క మూతికి రెండు నోల్లేటి బావూ?"

షామియానా కింద ఎవరో కిసుక్కుమన్నారు. ఆఫీసరు నమలడం ఆపాడు. వరమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఆ పప్పు ఎవులు కొట్టినారో అడగండి దొరా. మీ నోట్లో ఉన్నాది గదా, అదే."

ఈసారి జనం గట్టిగానే నవ్వారు. జగదీశ్వరరావుకి కక్కలేక మింగలేక అయింది. లేబరు జీపు మాట ఆఫీసరు ముందు రాకూడదు, వచ్చేసింది. కానీ ఫ్యాక్టరీ నడిపినవాడికి మాట మార్చడం ఒక లెక్కా? వెంటనే నవ్వు పులుముకున్నాడు.

"అబ్బే, పనంటే అలాంటి పని కాదండీ. పొయ్యిలోకి జీడితొక్కలు ఏరుకోడానికి వస్తంటాది. ముసల్ది కదాని జాలిపడి చేతిలో ఏదో పెడతాను. రిజిస్టరులో పేరు గట్రా ఏం లేదు."

ఆఫీసరుకి ఇంకా రెండు ఊళ్ళు తిరగాలి. "అయితే పని లేనట్టే కదా. ఏమ్మా, నీ నోటితోనే చెప్పు, రాసేసుకుంటాను. పని ఉందంటే పింఛను రాదు. లేదంటే వస్తుంది."

వెనక నుంచి ధనమ్మ కొంగు పట్టుకుని లాగింది. ధనమ్మ షెడ్డులో ఆమె పక్కన కూర్చుని పిక్కలు కొట్టే మనిషి. "నేదనీ అప్పా. నీ సొమ్మేటి పోతాది?" అని గొణిగింది.

ఏం పోతుందా? వరమ్మ తన చేతుల వైపు చూసుకుంది. పదిమందీ చూస్తుండగా, తను ఏ పనీ చెయ్యలేదని, ఇన్నేళ్ళూ ఊరికే కూర్చుని తిన్నానని చెప్పాలి. చెప్తే బియ్యం వస్తాయి. చెప్పకపోతే నిజం మిగుల్తుంది. నిజాన్ని ఎసట్లో వేస్తే ఉడుకుతుందా?

"నేదు," అంది.

"గట్టిగా చెప్పమ్మా."

"నేదు బావూ. నాకు పని నేదు."

ఆఫీసరు రాసుకుని పైకి చదివాడు. వరమ్మ, భర్త కృపాదానం, లేరు. పని, ఏమీ లేదు. జీవనాధారం, ఏమీ లేదు. జనం చప్పట్లు కొట్టారు. జగదీశ్వరరావు కూడా కొట్టాడు. వరమ్మకి ఆ చప్పట్లు ఒక్కొక్కటీ చెంప మీద పడ్డట్టే ఉంది. నెగ్గావు నెగ్గావు అంటూ ధనమ్మ దారి పొడుగునా సంబరపడింది గానీ, ఆ రాత్రి వరమ్మకి ముద్ద దిగలేదు.

*

పింఛను రావడం మొదలైంది. ఆ డబ్బు నెలలో ఒక వారం కూడా లాగదు, అందుకని ఆమె ఎప్పటిలాగే వెనక గేటు నుంచి పనికి వెళ్ళేది. దీపావళి ఆర్డర్లు నెత్తి మీద ఉన్నాయి, పిక్కలు కొట్టే చేతులు చాలడం లేదు. అందుకే జగదీశ్వరరావు కూడా ఏమీ అనలేదు. పోలారావు మాత్రం ఊరుకోలేదు. తల్లికి రావాల్సిన పింఛను పోయిందని కడుపుమంట. "ఏటే పనీపాటా లేని వరమ్మా, కాస్త బేగి కొట్టు," అని రోజూ అనేవాడు. అని, నవ్వేవాడు. పక్కవాళ్ళు కూడా నవ్వేవారు. మొదట్లో ఆమె పట్టించుకోనట్టే ఉంది. పుండు మీద రోజూ కారం చల్లితే ఎన్నాళ్ళని ఊరుకుంటుంది?

ఒకరోజు పొద్దు బాగా ఎక్కాక ఈల వినబడింది. సుత్తులు దబదబా కింద పడ్డాయి. ఆడవాళ్ళు లేచి పరుగందుకున్నారు. ధనమ్మ నాలుగడుగులు వేసి వెనక్కి చూసింది. వరమ్మ లేవలేదు.

"అప్పా, లెగు! జీపు ఒచ్చేత్తంది!"

"నువ్వెల్లు. నాను రాను."

ధనమ్మ చెయ్యి పట్టి గుంజింది. వరమ్మ విదిలించుకుంది. జీపు చప్పుడు దగ్గరైంది, ధనమ్మ లబలబలాడుతూ తోటలోకి పోయింది.

లేబరు ఆఫీసరు షెడ్డులోకి వచ్చేసరికి, రిజిస్టరులో ఉన్న ఆ నలుగురైదుగురికీ ఎడంగా, జనం లేని పీటల వరసల మధ్య ఒక ముసల్ది కూర్చుని పిక్కలు కొడుతోంది. వెంట వచ్చిన జగదీశ్వరరావు మొహం పాలిపోయింది.

"ఈమె ఎవరు? రిజిస్టరులో ఉందా?" అని ఆఫీసరు అడిగాడు.

"బావూ, నాను ఈల్ల కాడ పనిదాన్ని," అంది వరమ్మ. "నా పెళ్ళైన కాడి నుంచీ. ఆ తోటలో ఇంకా ఉన్నారు, ఎల్లి సూడండి."

జగదీశ్వరరావు నవ్వాడు. గ్రామసభలో నవ్విన నవ్వే.

"మతి సరిగా లేదండీ పాపం. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. నీడకని వచ్చి కూర్చుంటాది. ఈవిడకి ఏ పనీ లేదని ప్రభుత్వమే పింఛను ఇస్తోంది. నిండు సభలో తన నోటితో తానే చెప్పింది. కావాలంటే పంచాయతీలో కాగితం చూసుకోండి, ఎంతో దూరం కూడా కాదు."

"పింఛను తీసుకుంటున్నావా?" అని ఆఫీసరు అడిగాడు.

"తీసుకుంతన్నాను."

"పని లేదని చెప్పావా?"

ఆమె చేతిలో సుత్తి కింద పెట్టింది. ఆఫీసరు తోట వైపు ఒకసారి చూశాడు, ఎండ వైపు చూశాడు, పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు.

నమ్మి కాదు, నమ్మితే సుఖం కాబట్టి నమ్మాడు. వరమ్మకి అప్పుడు అర్థమైంది. ఆ రోజు తన చేత అనిపించిన ఆ ఒక్క మాటతో జగదీశ్వరరావు ఆమె ఇన్నేళ్ళ చాకిరీ మొత్తాన్ని మాఫీ చేయించుకున్నాడు. కోపం వచ్చింది. కళ్ళల్లోంచి నీళ్ళుగా పోయే కోపం కాదు, చేతుల్లోకి దిగే కోపం.

పొద్దుటి నుంచి కొట్టిన పప్పు పక్కన తట్టలో ఉంది. ఆమె కొంగు పరిచి, తట్ట ఎత్తి, మొత్తం కొంగులో పోసుకుని ముడి వేసింది. మోకాళ్ళ మీద చేతులు వేసి లేచింది.

"ఏయ్, ఏటే అది?" అని పోలారావు అరిచాడు.

"నా పప్పు."

"నీ పప్పేటి? ఫ్యాక్టరీ పప్పది!"

"ఫ్యాక్టరీదైతే ఎవులు కొట్టినారు? నాను పనిదాన్ని కాను గదా. నీడకి ఒచ్చి కూకున్నదాన్ని. కూకుని నా పిక్కలు నాను కొట్టుకున్నాను." ఆమె జగదీశ్వరరావు వైపు తిరిగింది. "కాదంతారేటి బావూ? ఈ సుత్తి ఎవులిచ్చినారు, ఈ పిక్కలు ఎవులు పోసినారు, ఆఫీసరు బావుకి సెప్పండి. సెప్తే ఇప్పుడే ముడి ఇప్పేసి తట్టలో పోసేత్తాను."

జగదీశ్వరరావు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నోరు తెరిస్తే పనిమనిషి అవుతుంది. మూస్తే పప్పు పోతుంది. ఆఫీసరు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు, చంకలో పుస్తకం మళ్ళీ కొంచెం కిందికి జారింది.

"పోనీరా పోలారావూ," అన్నాడు చివరికి జగదీశ్వరరావు. "ముసల్ది. పోనీ."

వరమ్మ వెనక గేటు వైపు పోలేదు. షెడ్డు మధ్యలోంచి నడిచి, ఆయన కారు పక్క నుంచి, జీపు పక్క నుంచి, ముందు గేటులోంచి రోడ్డు మీదికి వచ్చింది. అరుపులు విని వెనక గేటు నుంచి ఇటు వచ్చిన పోలారావు పెళ్ళాం ముందు గేటు దగ్గర నిలబడి ఆ కొంగు ముడినే చూసింది గానీ చెయ్యి చాపలేదు. వరమ్మ తనంతట తానే ఆగి, నోరు పెద్దగా తెరిచి ఆమెకి చూపించింది. తర్వాత నడిచి పోయింది.

రేపటి నుంచి ఆ ఫ్యాక్టరీ గడప తొక్కనివ్వరని ఆమెకి తెలుసు. డెబ్బై అయిదు రూపాయలతో నెల గడవదనీ తెలుసు. అయినా తోట చుట్టూ తిరిగి, చెట్ల కింద దాక్కుని ఉన్న వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. కొంగు విప్పి, నల్లబడ్డ చేతుల్తో ఒక్కొక్కరి దోసిట్లో పప్పు పోసింది. ఎవరూ నోట్లో వేసుకోలేదు. భయంతో గేటు వైపు చూస్తున్నారు.

"తినండే," అంది వరమ్మ. "మీరూ పనోల్లు కారు."

ధనమ్మ ఒక బద్ద నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది. పన్నెండేళ్ళ పిల్లగా వచ్చిన దగ్గర్నుంచి ఆమె కొట్టిన పప్పుకి లెక్కే లేదు.

"ఇదేటప్పా, ఇంత కమ్మగుంతాదా?" అని, ఏడుపు మొదలుపెట్టింది.

షెడ్డు వైపు నుంచి రెండోసారి ఈల వినబడింది. జీపు పోయింది, పనిలోకి రమ్మని. ఒకరిద్దరు లేవబోయారు. మిగతావాళ్ళు నములుతూనే ఉన్నారు.