బటన్ దగ్గర మనిషి

సాయంత్రం ఆరు గంటలకు ఛానెల్ చచ్చిపోతుంది.

ఆ కబురు ఛానెల్ నడిపే హెల్యూకు పొద్దున్నే కాఫీ కప్పు ఎత్తుతుండగా ఫోన్‌లో వచ్చింది. "మూడవ ఉల్లంఘన. మీ ఛానెల్, అందులోని సమస్త వీడియోలు నేటి సాయంత్రం ఆరు గంటలకు శాశ్వతంగా తొలగించబడును." కింద చిన్న అక్షరాల్లో, కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం అని ఉంది.

ఇబ్బందట! దేశం అంచున సేతో జాతివాళ్ళ పల్లెల్లో ఏళ్ళ తరబడి జరిగిన పెళ్ళిళ్ళ పాటలు, సమాధుల పక్కన దుప్పటి పరిచి పెద్దలకు పెట్టుకున్న భోజనాల పాటలు, అన్నీ అందులోనే ఉన్నాయి. పాడినవాళ్ళలో సగం మంది ఇప్పుడు ఆ సమాధుల్లోనే ఉన్నారు. హెల్యూ వాళ్ళమ్మ కూడా. అసలు కాపీలున్న కంప్యూటర్ నిరుడు పిడుగుకు మాడిపోయింది. రెండో హెచ్చరిక వచ్చినప్పటి నుంచి ఛానెల్‌లోంచి ఏదీ దింపుకోనివ్వడం లేదు. అమ్మ గొంతు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు.

చేసిన నేరం ఏమిటంటే, తమ పాట తాము పాడుకోవడం. ఎవడో డ్యాన్స్ పాటలవాడు ఆ ఛానెల్‌లోంచి ఒక ముక్క కోసుకుపోయి, దానికి డ్రమ్ములు తగిలించి, తన పేరిట నమోదు చేసుకున్నాడు. అప్పటి నుంచి దొంగల్ని పట్టే ఫిల్టర్‌కు పాడిన ఈ ఆడవాళ్ళే దొంగలైపోయారు. హెల్యూ అప్పీలు మీద అప్పీలు పెట్టింది. ప్రతిసారీ యంత్రమే జవాబిచ్చింది, ఎంతో మర్యాదగా.

కానీ ఈ రోజు ఒక దారి ఉంది.

కొత్త మాధ్యమాల చట్టం ముసాయిదా పట్టుకుని సలహా సంఘం ఒకటి జిల్లాలు తిరుగుతోంది. ఈ మధ్యాహ్నం వాళ్ళ విచారణ తమ ఊరి సాంస్కృతిక భవనంలోనే. ముసాయిదాలో ఒక నిబంధన ఉంది: ఏ ఛానెల్‌నైనా చెరిపే ముందు ఒక మనిషి కూర్చుని, విని, నిర్ణయించాలి. అది అక్కర్లేదని వాదించడానికి వీడియో కంపెనీ ప్రతినిధి తార్వో రాజధాని నుంచి వస్తున్నాడు. విచారణ మొత్తం లైవ్‌లో వెళ్తుంది, అదీ ఆ కంపెనీ సైట్‌లోనే.

ఆ లైవ్‌లోనే పాట పాడితే?

హెల్యూ కాఫీ వదిలేసి సైకిలెక్కింది. పథకం చిన్నదే. అందులో చిక్కు మాత్రం పెద్దది, దాని పేరు ఫెక్లా.

సేతో పాటలో నాయకురాలు ఒక చరణం అప్పటికప్పుడు కట్టి పాడుతుంది. మిగతావాళ్ళు దాన్ని అందుకుంటారు. వాళ్ళందరి మీదుగా ఒకే ఒక్క గొంతు ఈల వేసినట్టు పైకి లేస్తుంది. దాన్ని కిల్లె అంటారు. డ్యాన్స్ పాటలవాడు కోసుకుపోయింది ఆ కిల్లెనే, అంటే ఫెక్లా గొంతును. హెల్యూ ఇంట్లో పరీక్షించి చూసింది. మిగతావాళ్ళు ఎంత పాడినా ఫిల్టర్ కిక్కురుమనదు. ఫెక్లా గొంతు కలిసిందంటే వేటు పడుతుంది, లైవ్ అక్కడికక్కడే ఆగిపోతుంది.

ఆ ఫెక్లా మూడు నెలలుగా పాడడం లేదు.

భవనం వంటగదిలో ఫెక్లా అతిథుల కోసం సోయిర్ కోస్తోంది. షాజీరా వేసి ఇంట్లో కాచే ఆ జున్ను గుండ్రటి చక్రాలుగా బల్ల నిండా ఉంది. హెల్యూ చెప్పిందంతా విని కత్తి ఆపకుండానే అంది. "పాడను."

"అత్తా, ఛానెల్ పోతుంది."

"పోనీ. పీడా విరగడవుతుంది. జూన్ పెళ్ళిలో మీ పెద్దమ్మ నా జున్ను గురించి ఏం పాడిందో గుర్తుందా?"

గుర్తు లేకేం. ఆ చరణాన్ని ఎనభై వేల మంది చూశారు. ఫెక్లా జున్ను బూట్ల అడుక్కి వేసుకోవచ్చట, వానాకాలంలో జారదట.

"ఫిన్లాండ్‌లో ఉన్న నా మరదలు ఫోన్ చేసి నవ్విందే! బజారుకెళ్తే, బూట్లున్నాయా ఫెక్లా అని అడుగుతున్నారు. ఆ వీడియో తీసెయ్యమని నేనే కంపెనీకి రాశాను. నాకూ ఆ యంత్రమే జవాబిచ్చింది. ఇబ్బందికి చింతిస్తోందట."

"మరి ఏం చేస్తే పాడతావు?"

"ఎక్కడ అందో అక్కడే దిద్దుకోవాలి. అంత గట్టిగానే, అంత మంది వినేలాగే. పేపరువాడు తప్పు రాస్తే దిద్దుబాటు వెయ్యడూ? అలాగ."

హెల్యూ హాల్లోకి పరుగెత్తింది. ఒక్సేన్యా పెద్దమ్మ అప్పటికే పళ్ళెమంత వెండి పతకం గుండెల మీద పెట్టుకుని, గొలుసులు గలగలలాడించుకుంటూ ముందు వరుసలో కూర్చుంది. ఎనభై దాటిన మనిషి. ఆతిథ్యం ఇచ్చిన ఊరి తరఫున సాక్ష్యం చెప్పాల్సింది ఆవిడే.

"దిద్దుబాటా? చరణమంటే నోట్లోంచి వచ్చి గాలిలో కలిసిపోయేదే పిల్లా. గాల్లో పోయినదాన్ని ఎలా దిద్దను?"

"గాల్లో పోలేదు పెద్దమ్మా, ఛానెల్‌లో ఉంది. పోయేది ఛానెలే. దాంతోపాటు మీ చెల్లెలి గొంతు కూడా."

పెద్దమ్మ మొహం ఒక్క క్షణం ముడుచుకుంది. మళ్ళీ గడ్డం పైకెత్తింది. "దాని జున్ను గట్టిదే. నేనేం అబద్ధం పాడలేదు."

అంతలో బయట కార్ల తలుపులు పడిన చప్పుడైంది.

సంఘం అధ్యక్షురాలు రీత్ పొట్టిగా, చురుగ్గా ఉంది. వెనకే తార్వో దిగాడు. పలచటి మనిషి, ఖరీదైన బూట్లు, చిరునవ్వు. వచ్చిన అతిథిని పాటతో పలకరించకుండా గడప దాటనివ్వడం ఇక్కడ లేదు. ఆడవాళ్ళు మెట్ల మీదే పాట అందుకున్నారు. ఫెక్లా రాలేదు. కెమెరా ఇంకా పెట్టెలోనే ఉంది. ఒక అవకాశం అలా గాలికి పోయింది.

నాలుగింటికి లైవ్ మొదలైంది. వేదిక వెనక పెద్ద తెర మీద తమ మొహాలు తమకే కనబడుతుంటే ఊరివాళ్ళు జుట్టు సవరించుకున్నారు. ముసాయిదా ఒక్కో పేజీగా కదిలేసరికి గంటన్నర పట్టింది. తార్వో లేచేసరికి హెల్యూ ఫోన్‌లో అయిదున్నర.

"నిమిషానికి ఎన్ని గంటల వీడియో వచ్చిపడుతుందో తెలుసా?" అన్నాడతను హాయిగా. "ప్రతిదానికీ మనిషిని కూర్చోబెట్టమంటే దేశంలో ఇంకో పనికి మనుషులు మిగలరు. మా యంత్రానికి అలుపు లేదు, కోపం లేదు, చుట్టరికం లేదు. పొరబడదు కూడా."

"పొరబడితే అడగడానికి మీ దగ్గర మనిషి ఉన్నాడా?" రీత్ అడిగింది.

"ఆ అవసరం రాలేదండి. అసలు అలాంటి ఏర్పాటే లేదు."

రీత్ ఏదో రాసుకుని, ఊరి సాక్షిని పిలిచింది. "ఒక్సేన్యా గారూ, మీ ఛానెల్‌కు ఏమైందో చెప్పండి. దయచేసి మిగతావాళ్ళు మౌనంగా ఉండాలి."

పెద్దమ్మ లేచింది. వెండి గలగలలాడింది. ఆ వెండి పెట్టుకున్న పాటల తల్లి, అంటే గుంపు నాయకురాలు, గొంతెత్తిందంటే వచ్చేది మాట కాదు.

*"రాజధాని చుట్టాలారా, దూరాన్నుంచి వచ్చిన చుట్టాలారా,*
*మా గొంతు మా గొంతు కాదంట, మా అమ్మ పాట మాది కాదంట..."*

చరణం ఆగింది. అందుకునే గుంపు లేక పాట గాల్లో వేలాడింది. రీత్ మౌనంగా ఉండమంది కదా. కానీ నాయకురాలి పాదాన్ని అందుకోకుండా వదిలెయ్యడం, పెళ్ళికూతుర్ని నడిదారిలో దింపేసి వెళ్ళిపోయినంత తప్పు. ముందు ఒకావిడ పెదాలు కదిపింది. పక్కావిడ కలిపింది. మరుక్షణం గుంపంతా లేచి అందుకుంది. హెల్యూ కూడా.

తెర మీద లైవ్ చెక్కు చెదరలేదు.

తార్వో చేతులు చాపాడు. "చూశారా? ఎంత చక్కగా పాడారు! యంత్రం ఏమైనా అడ్డుపడిందా?"

హాల్లో గుసగుసలు రేగాయి. హెల్యూ ఫోన్ చూసుకుంది. అయిదూ నలభై. ఆమె పెద్దమ్మ వైపు చూసింది. హెల్యూవి అచ్చం వాళ్ళమ్మ కళ్ళేనని అందరూ అంటుంటారు. ఆ కళ్ళతోనే చూసింది.

పెద్దమ్మ నిట్టూర్చింది. తర్వాత కెమెరాకు వీపు పెట్టి వంటగది వైపు తిరిగింది.

*"వంటింట్లో ఉంది నా వెండి గొంతు, కత్తి పట్టుకుని ఉంది నా జతగత్తె.*
*దాని జున్ను బూటని పాడాను, పెళ్ళిలో పాడాను, లోకం విన్నది..."*

గుంపు అందుకోబోయి ఆగిపోయింది. అందరి తలలూ వంటగది తలుపు వైపు తిరిగాయి. అక్కడ కత్తి చప్పుడు ఆగింది.

*"అబద్ధం పాడాను, అసూయతో పాడాను,*
*నా జున్ను విరిగిన రోజున పాడాను.*
*దాని జున్ను వెన్న, దాని జున్ను వెన్నెల,*
*ఎక్కడ అన్నానో అక్కడే దిద్దుతున్నాను..."*

"ఇంకాస్త గట్టిగా!" లోపల్నుంచి కేక వినిపించింది. "ఫిన్లాండ్‌కు వినబడాలి!"

హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. పెద్దమ్మ కళ్ళురిమి, ఊపిరి పీల్చి, ఆఖరి పాదాన్ని కిటికీ అద్దాలు అదిరేలా మళ్ళీ పాడింది. గుంపు అందుకుంది. వాళ్ళందరి మీదుగా, వంటగది గుమ్మంలోంచి, ఏప్రన్‌తోనే, కత్తితోనే, ఫెక్లా గొంతు లేచింది. మూడు నెలలు మూతపెట్టిన గొంతు అది. నేరుగా పైకప్పుకు వెళ్ళి తగిలింది.

తెర నల్లబడింది.

"ఈ ప్రసారంలో ఇతరుల సొత్తైన సంగీతం ఉన్నందున నిలిపివేయబడినది. కలిగిన ఇబ్బందికి చింతిస్తున్నాం."

వెంటనే చప్పట్లు, ఈలలు, కాళ్ళతో నేల మీద దరువు. వెనక వరుసలో ఒక ముసలాయన టోపీ గాల్లోకి విసిరాడు. అది దీపానికి తగులుకుని అక్కడే ఉండిపోయింది.

రీత్ బల్ల మీద కొట్టింది. "తార్వో గారూ! ఇది ప్రభుత్వ విచారణ. దేశమంతా చూస్తోంది. చూస్తుండేది, ఇప్పటిదాకా!"

తార్వో అప్పటికే ఫోన్ చెవికి ఆన్చుకుని గోడ వైపు తిరిగాడు. "హలో... అవును, నేనే... వెంటనే తెరువు..."

"ఎవరితో మాట్లాడుతున్నారు?"

అతను బిగుసుకుపోయాడు. "ఒక... సహోద్యోగి."

"యంత్రమా?"

"కాదండి."

"మరి మనిషా?"

తార్వో చెవులు ఎర్రబడ్డాయి. హాలంతా అతని నోటి వైపు చూస్తోంది. "మనిషే," అన్నాడు చివరికి.

హాలంతా పగలబడి నవ్వింది, ఆ నవ్వు ఓ పట్టాన ఆగలేదు. రీత్ కూడా కాగితాలు అడ్డం పెట్టుకుంది. ఆ గోలలోనే తెర వెలిగింది, లైవ్ తిరిగొచ్చింది. హెల్యూ మాత్రం నవ్వడం లేదు. రెండు కుర్చీలు తోసుకుంటూ ముందుకు దూకి తార్వో మణికట్టు పట్టుకుంది.

"పెట్టెయ్యకండి! మీ కాళ్ళు మొక్కుతాను, ఆ ఫోన్ పెట్టెయ్యకండి. మా ఛానెల్‌కు ఇంకా పావుగంటే ఉంది."

తార్వో ఆమెను చూశాడు. తెర మీద తన మొహాన్ని చూశాడు. వంటగది గుమ్మంలో కత్తి పట్టుకుని నిలబడ్డ ఫెక్లాను చూశాడు. తర్వాత, హెల్యూ అనుకోని విధంగా, అతనూ నవ్వేశాడు. ఓడిపోయి బరువు దిగినవాడి నవ్వు అది. ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి ఆమె చేతికిచ్చాడు.

అవతల ఇనెస్ అనే అమ్మాయి, ఎక్కడో వెచ్చటి ఊళ్ళో. హెల్యూ తనకొచ్చిన కాస్త ఇంగ్లీషులో చెప్పింది. ఇనెస్ ఛానెల్ తెరిచింది. పాత వీడియో ఒకటి, డ్యాన్స్ పాట ఒకటి పక్కపక్కన పెట్టుకుని వింది. రెండూ ఫోన్‌లోంచి హాలంతా వినిపించాయి. ఎవరూ దగ్గలేదు కూడా.

"వీడియో ఆ పాట కన్నా చాలా ఏళ్ళ ముందుది," అంది ఇనెస్ నెమ్మదిగా. "ఇది తేదీ చూస్తేనే తెలిసిపోతుంది. ఎవరూ చూడలేదా?"

"నువ్వే మొదటిదానివమ్మా," అంది హెల్యూ.

"ఆ పైగొంతు ఎవరిది?"

"నాది!" అంది ఫెక్లా గుమ్మంలోంచి. ఇంగ్లీషు రాకపోయినా ఆ ప్రశ్న ఆమెకు అర్థమైంది.

బటన్ నొక్కిన చప్పుడు ఎవరికీ వినబడలేదు. హెల్యూ జేబులో ఆమె సొంత ఫోన్ మాత్రం ఒకసారి వణికింది. తీసి చూసింది. ఛానెల్ ఉంది. హెచ్చరికలు మూడూ పోయాయి. అమ్మ, నీలం తలగుడ్డతో, మూడో వరుసలో రెండో బొమ్మలో, ఎప్పట్లాగే నోరు తెరిచి పాడబోతోంది.

హెల్యూ అక్కడే కుర్చీలో కూలబడి, ఏడుస్తూ నవ్వింది.

"నిబంధన మీద మీ అభ్యంతరం ఇంకా ఉందా?" రీత్ అడిగింది.

తార్వో మెడ రుద్దుకున్నాడు. "అలాంటి ఏర్పాటే లేదన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎక్కడ అన్నానో అక్కడే." ఆపైన కాస్త తటపటాయించి, "కంపెనీలో నాకు రేపు అక్షింతలు తప్పవు. ఆ జున్ను ఒక ముక్క దొరుకుతుందా?"

"ఒకటేం ఖర్మ, చక్రమంతా పట్టుకుపో నాయనా," అంది ఫెక్లా. ఒక్సేన్యా పెద్దమ్మ అప్పటికే హంజా సీసా మూత తీసింది. ఆ సేతో నాటుసారా తొలి గ్లాసు తార్వోకిచ్చి, రెండోది ఫెక్లా ముందు పెట్టింది. ఫెక్లా దాన్ని ఒక్క గుటకలో తాగి, పెద్దమ్మ పక్కన చోటు చేసుకుని నిలబడింది.

"పాట సగంలో ఆగింది. పూర్తి చెయ్యకపోతే ఇంటికెళ్ళి నిద్ర పడుతుందా?"

"పాడితే మళ్ళీ తెర నల్లబడుతుందేమో," అన్నారు ఎవరో.

హెల్యూ చేతిలో ఉన్న ఫోన్ ఇంకా కట్ కాలేదు. అందులోంచి ఇనెస్ గొంతు వినిపించింది. ఇక్కడి గోల అంతా ఆమె వింటూనే ఉంది.

"పాడుతున్నారా? పాడమనండి. ఆగితే మళ్ళీ తెరవడానికి నేను బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను."

హెల్యూ ఫోన్‌ను కెమెరా ముందు బల్ల మీద నిలబెట్టి, కళ్ళు తుడుచుకుని, వరుసలో తన చోటికి వెళ్ళింది.