నలభయ్యో నోటు

అద్దం మీద లేని దుమ్మును మూడోసారి తుడిచి, బస్సు డ్రైవరు మళ్ళీ బురుజు వైపు చూశాడు. యాత్రికులు ఒక్కొక్కరే దిగి వస్తున్నారు.

పాతికేళ్ళుగా జనాన్ని పాత కోటలకూ వంతెనలకూ తిప్పుతున్నాడేగాని, ఒక్కదాని గడప తొక్కిన పాపాన పోలేదు. బస్సు వదిలి కదలకూడదని కంపెనీ ఆజ్ఞ. అందుకే ఆ కట్టడాల బొమ్మలతో అమ్మే జ్ఞాపిక నోట్లను యాత్రికుల చేత తెప్పించుకునేవాడు. చూడ్డానికి అచ్చం డబ్బే, విలువ మాత్రం సున్నా. లోపల ఏం చూశారో వాళ్ళనడిగి, నోటు వెనక పెన్సిలుతో రాసుకునేవాడు: "లోపల చల్లగా ఉందట." "పిలిస్తే గోడలు పలుకుతాయట."

"మా ఆయన సున్నాల కోటీశ్వరుడు" అని భార్య అందరికీ చెప్పి నవ్వేది.

ముప్ఫై తొమ్మిది దొరికాయి. ఈ బురుజుదే లేదు. దాన్ని రెండు వందల పన్నెండు మెట్ల పైన అమ్ముతారు. ఎక్కినవాళ్ళు ఆయాసంలో మరిచిపోతారు, గుర్తున్నవాళ్ళు సగంలోనే వెనక్కి తిరుగుతారు. ఇవాళ్టితో అతని ఉద్యోగం ఆఖరు.

లావుపాటి యాత్రికుడొకాయన చెమట తుడుచుకుంటూ వచ్చి నాలుక్కరుచుకున్నాడు. "అయ్యో, మర్చేపోయానండీ!"

"పర్లేదులెండి" అన్నాడేగాని, డ్రైవరు ప్రాణం ఉసూరుమంది.

పదేళ్ళుగా అతనితో తిరుగుతున్న గైడమ్మ అది చూసింది. చక్కా వచ్చి అతని సీట్లో కూర్చుంది.

"నువ్వెళ్ళన్నయ్యా. అరగంట టైముంది. బస్సునెవరూ ఎత్తుకుపోరు."

"నా మోకాళ్ళో?"

"వాటినీ తీసుకెళ్ళు."

వందో మెట్టు మీద కూలబడ్డాడు. నూట యాభయ్యో మెట్టు మీద తనను తానే తిట్టుకున్నాడు. పైకి చేరి, రొప్పుతూ రెండు నోట్లు కొన్నాడు. కిటికీలోంచి కిందికి చూస్తే అగ్గిపెట్టెంత బస్సు! ఇన్నేళ్ళలో దాని పైకప్పును అతనెప్పుడూ చూడలేదు.

"అదిగో, నా బస్సు!" అని గావుకేక పెట్టాడు. నోట్లమ్మే ముసలాయన ఉలిక్కిపడ్డాడు. కింద గైడమ్మ హారన్ మోగించింది. డ్రైవరుకి ఆనందం పట్టలేదు.

నోటు పైకెత్తి చూపుతూ దిగి వస్తే బస్సంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది ఆ లావుపాటాయనే.

సాయంత్రం షెడ్డులో బస్సు కడిగి, తాళం మేకుకు తగిలించి, నోట్లు దాచుకున్న ఆల్బమ్ చంకన పెట్టుకుని ఈల వేస్తూ వెళ్ళిపోయాడు.

రేపు రాబోయే డ్రైవరు కోసం, సీటు ముందర, ఎండ కళ్ళలో పడకుండా దించుకునే అట్టకు రెండో నోటు గుచ్చి ఉంది. దాని వెనక పెన్సిలు రాత: "రెండు వందల పన్నెండు మెట్లు. ఎలాగైనా ఎక్కు. పైనుంచి మన బస్సు కనిపిస్తుంది. నేను చూశాను."