జ్ఞానాంబ చెప్పని ఇరవై నిమిషాలు

పద్మకుమారిని హెడ్ సిస్టరు చేసిన రోజు నుంచి జ్ఞానాంబకు అన్నం సయించడం లేదు. శ్రీకాకుళంలోని ఆ పురిటి వార్డులో తనది ఇరవై మూడేళ్ళ సర్వీసు. భర్త పోయాక, అయినవాళ్ళు ముఖం తిప్పుకున్నా లెక్కచెయ్యకుండా ఈ నర్సు పనిలోకి వచ్చింది. తన చేతుల్లో పుట్టిన ఆడపిల్లలు ఇప్పుడు కాన్పులకు వస్తున్నారు. ఆ పద్మకుమారి విశాఖపట్నంలో చదివొచ్చి నాలుగేళ్ళు కూడా కాలేదు.

పోనీ చెడ్డదైతే తిట్టుకోవడానికైనా వీలుండేది. "జ్ఞానాంబ గారూ, మీరైతే ఏం చేస్తారు?" అని అందరి ముందూ అడుగుతుంది. ఆ అడగడమే జ్ఞానాంబకు ఒళ్ళు మండించేది.

ఆ మంగళవారం పొద్దున్న కళింగపట్నం నుంచి వచ్చిన అసిరమ్మకు నాలుగో కాన్పయింది. పద్మకుమారి దగ్గరుండి పురుడు పోసి, నాడి చూసి, 'బాగుంది' అని చార్టులో రాసి, మరో మనిషికి నొప్పులు ఎక్కువయ్యాయంటే లోపలికి వెళ్ళింది.

పదిన్నరకు జ్ఞానాంబ ఆ మంచం పక్కనుంచి పోతూ ఆగింది. అసిరమ్మ పైపెదవి మీద చిరుచెమట. చెయ్యి పట్టుకుని చూస్తే నాడి సన్నగా, పరుగులు తీస్తోంది. గుడ్డ మీద రక్తం పెద్దగా లేదు. పొట్ట తడిమి చూడబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. తడిమితే తెలిసిపోతుంది. తెలిస్తే చెప్పాలి.

'బాగుందని రాసింది కదా. డాక్టరు గారొచ్చి అడిగితే తనే చెప్పుకుంటుంది.'

వెళ్ళి బల్ల దగ్గర దూది మడతలు పెడుతూ కూర్చుంది. చేతులు మడుస్తున్నాయి, చూపు గడియారం మీదే ఉంది.

"అమ్మా," అంది అసిరమ్మ నీరసంగా. "ఫ్యాను ఆపీసినారేటి? గాలాడతం నేదు."

ఫ్యాను తిరుగుతూనే ఉంది.

జ్ఞానాంబ ఒక్క పరుగున వెళ్ళి పొట్ట మీద చెయ్యి వేసింది. గట్టిగా ఉండవలసిన గర్భసంచి పిండిముద్దలా ఉంది. నొక్కగానే లోపల నిలిచిన రక్తం గడ్డలుగడ్డలుగా వచ్చేసింది.

"పద్మా! పరిగెత్తుకురా! మెథర్జిన్ ఇంజక్షను! మంచం కాళ్ళవైపు ఎత్తండి!"

పద్మకుమారి వచ్చి, హెడ్ సిస్టరునన్న మాటే మరిచి, ఆమె చెప్పినవన్నీ చేసింది. డాక్టరు కూర్మనాథం గారు వచ్చేసరికి పొట్ట గట్టిపడింది, సెలైను ఎక్కుతోంది.

"జ్ఞానాంబ గారే లేకపోతే మనిషి దక్కేది కాదు," అన్నాడాయన. పద్మకుమారి వైపు తిరిగి, "నాలుగో కాన్పు మనిషిని అలా వదిలేస్తావా?" అని కసిరాడు.

"తప్పు నాదేనండి," అంది పద్మకుమారి.

నెలల తరబడి జ్ఞానాంబ కోరుకున్నది ఇదే. తీరా జరిగాక నోరు చేదెక్కింది.

ఆయన వెళ్ళాక పద్మకుమారి చార్టు అందించింది. "ఎప్పుడు గమనించారో రాయండి."

పది యాభై అని రాస్తే అడిగేవాళ్ళు లేరు. జ్ఞానాంబ పదిన్నర అని రాసింది.

పద్మకుమారి అది రెండుసార్లు చదివింది. "నన్ను పిలిచింది పది యాభైకి కదా?"

"నువ్వు మాట పడాలని ఊరుకున్నాను."

"నా మీద కోపముంటే నన్నే అనవలసింది. మధ్యలో ఆవిడేం చేసింది?" పద్మకుమారి చార్టు చేతిలోకి తీసుకుంది. "డాక్టరు గారికి చెప్పాలి. నా తప్పూ చెప్తాను, మీదీ చెప్తాను. రండి."

ఇద్దరికీ మెమోలు వచ్చాయి. జ్ఞానాంబకు ఇక ప్రమోషను మాట లేదు. అసిరమ్మ మాత్రం ఎనిమిదో రోజున బిడ్డనెత్తుకుని నడిచి వెళ్ళింది.

కాన్పయ్యాక రెండు గంటలపాటు పావుగంటకోసారి పొట్ట తడిమి చూడాలని పద్మకుమారి వార్డులో కట్టడి చేసింది. ట్రైనింగు పిల్లలకు అది నేర్పే పని జ్ఞానాంబకే అప్పగించింది.

"మెత్తగా తగిలితే ఎవరికి చెప్పాలండి?" అని ఒక పిల్ల అడిగింది.

"ముందు కేకెయ్యి," అంది జ్ఞానాంబ. "తప్పెవరిదో తర్వాత చూసుకోవచ్చు."

గుమ్మంలో నిలబడి వింటున్న పద్మకుమారి మెచ్చుకోలుగా తలూపింది. ఆ తలూపడమూ జ్ఞానాంబకు గిట్టలేదు. అయినా పాఠం ఆపలేదు.