తువ్వాలా, చూపా?

నూతి దగ్గర వేలాడే ఒక్క తువ్వాలు మీద గొడవ మొదలైంది. ఆ ఎనభై ఒకటి ఎండాకాలంలో పెదకాకాని అంతా కండ్లకలక తిరుగుతోంది. ఎవరి తువ్వాలు వాళ్ళు వాడుకుందామన్నాను. అత్తగారు దుర్గాంబగారు నవ్వేశారు.

“బియస్సీ చదివి తెలుసుకున్నది ఇదా? కలక చూపుతో అంటుకుంటుందే! తువ్వాలుకి కళ్ళున్నాయా?”

అంతకు ముందువారం, వీధిలో పదో తరగతి ఆడపిల్లలకి సాయంత్రాలు సైన్సు చెబుతానన్నప్పుడూ ఇలాగే నవ్వారు. “మరి రాత్రి వంటెవరు చేస్తారమ్మా, ఆ పిల్లలా?” ఈయన పేపరు దించకుండానే, “అమ్మ అన్నదీ నిజమేగా,” అన్నారు.

చివరికి నా కళ్ళే ఎర్రబడ్డాయి. మిరప కల్లాల ఘాటేమో అనుకున్నాను. తెల్లారేసరికి రెప్పలు అతుక్కుపోయాయి. వెనక గదిలో నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, పొయ్యి ముట్టుకోవద్దన్నారు. నా సంతోషం దాచుకోవడానికి ఆ గోడే దిక్కయింది.

అత్తగారు పక్కన నిలబడి చెబుతుంటే ఈయన వండేవారు. కంచం పట్టుకుని, నా మొహం కనపడకుండా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చేవారు. వెళ్తూ వెళ్తూ, నేను మొహం తుడుచుకున్న తువ్వాలుకే చేతులు తుడుచుకునేవారు. ఇక అంటుకోవడం ఖాయం, నా మాటే నెగ్గుతుందని ఎదురుచూశాను. ఆయనకేమీ కాలేదు. నావైపు కన్నెత్తి చూడని, తన మడి తువ్వాలు తప్ప మరొకటి ముట్టని అత్తగారికి వచ్చింది!

చుక్కలమందు ఇచ్చిన డాక్టరుగారు, “చేతుల వల్లే ఎక్కువంటారు. ఎవరికి ఎలా వచ్చిందో మాత్రం కచ్చితంగా చెప్పలేమమ్మా,” అన్నారు.

అత్తాకోడళ్ళం గోడకేసి కూర్చుని పడీపడీ నవ్వుకున్నాం. “నీదీ ఓడింది, నాదీ ఓడింది,” అన్నారావిడ. అంతలో పొగలు కక్కుతూ అన్నం, గోంగూర పప్పు వచ్చాయి. ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. “వేడిగా ఉందే,” అన్నారు మెల్లగా. మగవాళ్ళు తిన్నాక తినేవాళ్ళం కదా, కలక వచ్చేదాకా ఆ ఇంట్లో వేడన్నం రుచి మా ఇద్దరికీ తెలియదు.

కళ్ళు తేటపడ్డాక ముగ్గురం కలిసి భోజనానికి కూర్చున్నాం. “అమ్మయ్య, రేపటినుంచి నీ వంటిల్లు నీది,” అన్నారీయన.

“పొద్దుటి వంట నాది. రేపటినుంచి సాయంత్రాలు పిల్లలొస్తారు, రాత్రి వంట మీది,” అన్నాను నెయ్యి వేసుకుంటూ. “కలక ఎలా అంటుకుంటుందో తెలీదు గానీ, వంట మాత్రం గరిటె పట్టుకుంటే అంటుకుంటుందండీ. మీకు అంటుకుంది.”

ఆయన తల్లివైపు చూశారు.

“నన్ను చూస్తావేంరా?” అన్నారు అత్తగారు, కంచం ముందుకు జరుపుతూ. “చూపుతో ఏదీ అంటుకోదు. ఇంకాస్త పప్పు వెయ్యి, వేడిది.”